బండికి వంతు: తెలుగు బాలసాహిత్యంలో చోటు తగాదా

రాజాం మీదుగా రైలు పోదు. చిలకపాలెం నుంచి రామభద్రపురం మీదుగా రాయగడకు సాగే రోడ్డు మీద ఉన్న ఊరు ఇది. పాలకొండ వైపు దారి కూడా ఇక్కడే కలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో శ్రీకాకుళం జిల్లా నుంచి విజయనగరం జిల్లాలోకి మారినా, ఊరి స్వభావాన్ని నిర్ణయించేది మాత్రం ఆ కూడలే. జనపనార మిల్లులు, 1997లో వచ్చిన జి.ఎం.ఆర్. ఇంజనీరింగు కళాశాల, చుట్టుపక్కల పల్లెల రాకపోకలు అన్నీ రోడ్డు మీదనే ఆధారపడ్డాయి. ఇటువంటి ఊళ్ళలో ఉదయం ఇడ్లీ బండి, సాయంత్రం బజ్జీల బండి, రాత్రి నూడుల్స్ బండి రోడ్డు అంచున వెలుస్తాయి. ఒకే చోటు మీద పలువురి బతుకు ఆధారపడి ఉండడం ఇక్కడ ప్రత్యేక విషయం కాదు, దినచర్య.

ఈ దినచర్య బాలసాహిత్యంలో కథావస్తువు కావడం మాత్రం కొత్త సంగతి. ఇటీవలి ఆంగ్ల బొమ్మల పుస్తకాలలో తినుబండారాల బండ్లే పాత్రలుగా వస్తున్నాయి. వాటికి కళ్ళు, నోరు ఉంటాయి; అవి పోటీపడతాయి, అలుగుతాయి, చివరకు ఒకే మైదానంలో ఇమడడం నేర్చుకుంటాయి. అమెరికా నగరాలలో 2008 తరువాత ఫుడ్ ట్రక్కుల వ్యాపారం విస్తరించడం దీనికి నేపథ్యం. ఇటువంటి కథ తెలుగులోకి వస్తే అది ఏ మాట మీద నిలబడుతుంది? తెలుగు బాలపాఠకునికి చోటు తగాదాల కథలు ముందే తెలుసు. ఆ కథలు అతనికి ఏ పరిష్కారాన్ని అలవాటు చేశాయి? వెలగా వెంకటప్పయ్య, ఎం.కె. దేవకి వంటి పరిశోధకులు తెలుగు బాలసాహిత్య వికాసాన్ని, గేయసంపదను ప్రధానంగా ప్రక్రియల పరంగా పరిశీలించారు. ఈ వ్యాసం ఒక్క వస్తువును, అంటే చోటు కోసం తగాదాను, పట్టుకుని ఆ చరిత్రలో కొంత దూరం నడుస్తుంది.

మాట ఎంపిక

ఆంగ్లంలో ఒకే క్రియ మిఠాయిని పంచుకోవడానికీ, బల్ల మీద చోటు ఇవ్వడానికీ, ఊయల ఎక్కడంలో పాళ్ళు వేసుకోవడానికీ సరిపోతుంది. తెలుగులో ఈ మూడు పనులకు మూడు మాటలు. "పంచుకొను" అనే క్రియ తెగే వస్తువుకు నప్పుతుంది. రొట్టె పంచుకుంటారు, ఆస్తి పంచుకుంటారు. చోటుకు ఈ క్రియను అతికిస్తే పంపకాల వాసన వస్తుంది. అన్నదమ్ముల మధ్య గోడ లేస్తుంది. "బండ్లు చోటు పంచుకున్నాయి" అన్న వాక్యం చదివిన పిల్లవాడు సున్నంతో గీసిన గీతను ఊహించుకుంటే తప్పు అతనిది కాదు.

రెండో మాట "సర్దుకొను". బస్సులో కొత్త ప్రయాణికుడు ఎక్కినప్పుడు వినిపించే మాట ఇది. ఆత్మీయమైనదే గాని, దీనికొక చరిత్ర ఉంది. సర్దుకొమ్మని ఎవరు ఎవరికి చెబుతారో గమనిస్తే, కోడలికి, చిన్నవాడికి, కొత్తగా వచ్చినవాడికి, ఎదురు చెప్పలేనివాడికి చెబుతారు. తోపుడుబండి వాడికి దుకాణదారు చెప్పే మాట కూడా ఇదే. బాలల పుస్తకం ఈ మాటను నీతిగా నిలబెడితే, తెలియకుండానే బలవంతుని పక్షం చేరుతుంది.

మూడోది "వంతు". ఈ మాటలో భాగం అనే అర్థమూ ఉంది, పాళీ అనే అర్థమూ ఉంది. నాలుగో వంతు అన్నప్పుడు అది కొలత. నీళ్ళ వంతు, వంట వంతు అన్నప్పుడు అది కాలం. చెరువు కింద సాగు చేసే ఊళ్ళలో నీళ్ళు ముందు ఎవరి పొలానికి పారాలి, తరువాత ఎవరికి అన్న లెక్క అంతా ఈ ఒక్క మాటలో ఇమిడి ఉంటుంది. చోటును కాలంతో కొలవడం ఈ మాటకు సహజం. పైగా వంతులో దయ లేదు. నా వంతు వచ్చినప్పుడు నువ్వు తప్పుకోవాలి. అది నీ మంచితనం కాదు, నా హక్కు. బండ్ల కథకు తెలుగులో తగిన మాట ఇదేనని ఈ వ్యాసం ప్రతిపాదన.

తొర్ర ఎవరిది?

తెలుగు పిల్లల చదువులో చోటు తగాదా పంచతంత్ర, హితోపదేశాలతో మొదలవుతుంది. 15వ శతాబ్దిలో దూబగుంట నారాయణకవి, తరువాత బైచరాజు వేంకటనాథుడు పంచతంత్రాన్ని పద్యకావ్యంగా తెచ్చారు. 1853లో చిన్నయసూరి నీతిచంద్రిక వచన రూపంలో ఈ కథా సంప్రదాయాన్ని పాఠశాలకు చేర్చింది.

కాకోలూకీయంలోని కపింజలం కథ చోటు తగాదాకు చక్కని ఉదాహరణ. చెట్టు తొర్రలో ఉండే కపింజల పక్షి మేతకు పోయి చాలా రోజులు తిరిగి రాదు. ఖాళీగా ఉన్న తొర్రలో కుందేలు చేరుతుంది. పక్షి తిరిగివచ్చి అది తన ఇల్లు అంటుంది. కుందేలు ఎదురు వాదిస్తుంది: బావి, చెరువు, చెట్టు వంటివాటి మీద ఎవరు ఉంటే వారిదే హక్కు, వదిలిపోయినవారికి కాదు. ఇది అల్లరి వాదం కాదు. అనుభవం వల్ల హక్కు వస్తుందా అన్న ధర్మశాస్త్ర చర్చను జంతువుల నోట పెట్టిన ఘట్టం ఇది. రెండూ తీర్పు కోసం తపస్వి వేషంలో ఉన్న పిల్లి దగ్గరకు పోతాయి. ముసలితనం వల్ల చెవులు వినపడవు, దగ్గరకు రమ్మంటుంది పిల్లి. తరువాత జరిగేది అందరికీ తెలిసిందే. పిల్లల కోసం తిరిగి చెప్పిన కథనాలలో పిల్లి మోసమే మిగిలి, తొర్ర ఎవరిది అన్న ప్రశ్న జారిపోవడం పరిపాటి. అసలు కథకు ఊపిరి పోసింది ఆ ప్రశ్నే. తగాదా తెగకుండానే వాది ప్రతివాదులు ఇద్దరూ పోతారు.

హితోపదేశ మిత్రలాభంలోని జరద్గవం కథ మరో కోణం చూపుతుంది. గుడ్డి గద్ద ఒక చెట్టు తొర్రలో ఉంటుంది. అదే చెట్టు మీది పక్షులు తమ ఆహారంలో కొంత దానికి పెడతాయి. ప్రతిగా అది వాటి పిల్లలను కాచుకుంటుంది. ఇక్కడ చోటు, తిండి, కాపలా మూడూ ఒక ఒప్పందంలో కలిశాయి. కథ ఇక్కడే ఆగితే ఎంత బాగుండేదో! కాని దీర్ఘకర్ణమనే పిల్లి వస్తుంది, మాటలతో నమ్మించి పిల్లలను తింటుంది, నింద గద్ద మీద పడుతుంది. కులశీలాలు తెలియనివారికి చోటు ఇవ్వరాదన్న నీతి పైకి తేలుతుంది. ఈ నీతి తరతరాలుగా తరగతి గదిలో వల్లె వేయబడింది. కొత్తగా వచ్చినవాడిని అనుమానించడం దీని సారం. రోడ్డు పక్క కొత్తగా బండి పెట్టినవాడికి పాతవాళ్ళ నుంచి ఎదురయ్యే మొదటి ప్రశ్న కూడా ఇదే ధోరణిలో ఉంటుంది: నువ్వెవరు, ఎక్కడి నుంచి వచ్చావు?

ఈ రెండు కథలలోనూ చోటు అంటే తొర్ర. దానికి లోపల, బయట అనే తేడా ఉంది. ఒక యజమాని ఉన్నాడు లేదా ఉన్నానంటున్నాడు. రోడ్డుకు ఈ లక్షణాలు లేవు. అది అందరిదీ. అందువల్ల తొర్ర కథలలోని పరిష్కారాలు బండ్ల కథకు పనికిరావు.

పూటకూటి ఇంటి నుంచి రోడ్డు మీదికి

వండిన అన్నం అమ్మడం తెలుగు సాహిత్యానికి కొత్త కాదు. క్రీడాభిరామంలో మంచనశర్మ, టిట్టిభసెట్టి ఓరుగల్లు వీధులలో తిరిగి పూటకూళ్ళ ఇంట భోజనం చేస్తారు. విజయనగరం నేల మీద పుట్టిన కన్యాశుల్కంలో పూటకూళ్ళమ్మ మరపురాని పాత్ర. కాని ఈ రెండు చోట్లా అన్నం అమ్మేది ఇంటిలోపల. తినేవాడు గడప దాటి లోపలికి పోవాలి. పొయ్యి రోడ్డు మీదికి వచ్చినప్పుడే చోటు సమస్య పుడుతుంది. వంటకు నీళ్ళు కావాలి, పొగ పోవాలి, నిలబడి తినేవారికి నాలుగడుగుల నేల కావాలి. తోపుడుబండి పొడవు ఆరడుగులే కావచ్చు. దాని చుట్టూ నిలబడే మనుషులతో కలిపితే అది ఆక్రమించే చోటు అంతకు రెండింతలు. పక్క బండి వాడికి తగాదా వచ్చేది బండి దగ్గర కాదు, ఈ నిలబడేవారి దగ్గర.

భాష కూడా ఈ మార్పును తనదైన తీరులో నమోదు చేసింది. ఎడ్లు లాగేది బండి, ఆవిరితో నడిచేది రైలుబండి, కాళ్ళతో తొక్కేదీ, పెట్రోలు పోసేదీ బండే; ఇడ్లీ అమ్మేదీ బండే. "బండి పెట్టాడు" అంటే తెలుగువాడికి వాహనం ఆపాడని కాదు, వ్యాపారం మొదలుపెట్టాడని అర్థం. ఫుడ్ ట్రక్కు కథను తెలుగులో చెప్పేవారికి ఇంతకన్న మంచి పాత్ర పేరు దొరకదు.

దారి ఇవ్వడం, తీర్పు వినడం

20వ శతాబ్దపు తెలుగు బాలసాహిత్యానికి ఉత్తర సర్కారులతో గట్టి బంధం ఉంది. పిల్లల పాటలు రాసిన గిడుగు వెంకట సీతాపతి ఈ ప్రాంతంవారు. రేడియో అన్నయ్యగా ప్రసిద్ధుడైన న్యాయపతి రాఘవరావు బరంపురంలో పుట్టారు. భార్య కామేశ్వరితో కలిసి 1945లో "బాల" పత్రికను స్థాపించారు. చందమామ ముఖచిత్రాలతో తరతరాల పిల్లల కళ్ళకు రంగులద్దిన వడ్డాది పాపయ్య శ్రీకాకుళంలో పుట్టారు.

బండి పాత్రగా ఉన్న పాటలలో బడిపిల్లలందరికీ వచ్చినది రైలు పాట. పిల్లలు ఒకరి చొక్కా ఒకరు పట్టుకుని వరుసగా పరుగెత్తే ఆటకు అది తోడు. ఆ పాట సారాన్ని చోటు దృష్టితో చూస్తే, పెద్ద బండి వస్తున్నది, మిగిలినవారు దూరం జరగాలి. పట్టాల మీది రైలుకు ఇది న్యాయమే; రైలు పక్కకు తిరగలేదు. అయితే ఉత్తరాంధ్ర పిల్లలకు బండి గురించి మొదట నోటికి వచ్చే పాఠం, పెద్దదానికి చిన్నవి దారి ఇవ్వాలన్నది కావడం గమనించదగినది. పాటలో ఎవరూ రైలును ఆగమనరు.

1947 జూలైలో మొదలైన చందమామ కథలలో అంగడి వీధి తరచూ కనిపిస్తుంది. అది ఏ కాలానికీ చెందని రాజ్యంలోని వీధి. వర్తకుల మధ్య తగాదా వస్తే రాజు గాని, మంత్రి గాని, ఊరి పెద్ద గాని యుక్తితో తీర్పు చెబుతారు. ఆ తీర్పుల తెలివి ఇప్పటికీ ముచ్చట గొలుపుతుంది. తగాదా పడినవారు మాత్రం తమలో తాము మాట్లాడుకుని ఒక ఏర్పాటుకు రావడం తక్కువ. న్యాయం పైనుంచి దిగుతుంది.

సోవియట్ బాలల పుస్తకాలు మరో దారి తెరిచాయి. ప్రగతి, రాదుగ ప్రచురణాలయాల తెలుగు పుస్తకాలు విశాలాంధ్ర దుకాణాలలో అతి తక్కువ ధరకు దొరికిన రోజులు చాలామందికి జ్ఞాపకమే. ఆ సాహిత్యంలో చోటు ఇమడడం ప్రియమైన వస్తువు. ఉక్రేనియన్ జానపద కథలో మంచులో పడిపోయిన చేతి తొడుగులో ఎలుక మొదలు ఎలుగుబంటి వరకు ఒక్కొక్కటే చేరతాయి. సుతేయెవ్ కథలో వాన కురుస్తుంటే చిన్న పుట్టగొడుగు కింద చీమ తలదాచుకుంటుంది. తరువాత సీతాకోకచిలుక, ఎలుక, పిచ్చుక, కుందేలు వస్తాయి. ఒక్కదానికే చాలని చోట ఇన్ని ఎలా పట్టాయి? వానకు పుట్టగొడుగు పెరిగింది! అందమైన జవాబు. జరద్గవం కథలోని అనుమానానికి ఇది సరిగ్గా ఎదురు నిలుస్తుంది. వచ్చినవాడి కులశీలాలు ఇక్కడ ఎవరూ అడగరు. ఒక్క చిక్కు మిగులుతుంది. రోడ్డు పుట్టగొడుగు కాదు. ఎంత వాన కురిసినా అది పెరగదు.

సంత

పెరగని చోటును పలువురు వాడుకునే పద్ధతి రాజాం పరిసరాలలో పుస్తకాల కన్న పాతది. రాజాంకు పొరుగు మండలం పేరే సంతకవిటి. శ్రీకాకుళం జిల్లాలో సంతబొమ్మాళి ఉంది. ఊరి పేరులో సంత చేరిందంటే ఆ ఊరికి గుర్తింపు తెచ్చినది వారానికొకసారి జరిగే కొనుగోళ్ళని ఊహించవచ్చు. సంత విధానంలోని కీలకం ఒకటుంది. చుట్టుపక్కల ఊళ్ళు వారంలో రోజులను వేరువేరుగా పెట్టుకుంటాయి. ఒకే రోజు రెండు సంతలు పక్కపక్కన పడితే రెండూ దెబ్బతింటాయి. కుండలు, బుట్టలు, ఎండుచేపలు, మిఠాయి అమ్మేవారు ఆ వరుసలో ఊరూరా తిరుగుతారు. సీతంపేట ఏజెన్సీ నుంచి చింతపండు, పసుపు, కొండచీపుళ్ళు, అడ్డాకులు మైదానానికి దిగేది కూడా ఈ వారాల లెక్క మీదే. ఒక ప్రాంతమంతా వంతు వేసుకుంటే సంత అవుతుంది.

సంత లోపల మరో లెక్క ఉంది. ఫలానా చింతచెట్టు కింద ఫలానా ముసలమ్మ కూర్చుంటుందన్నది రాతలో ఉండదు, అందరి జ్ఞాపకంలో ఉంటుంది. ఆమె రాని వారం ఆ చోట మరొకరు కూర్చోవచ్చు, వస్తే లేవాలి. కుందేలు, కపింజలాల వాదం ఇక్కడ పిల్లి లేకుండానే తెగిపోతుంది. అయితే సంతను పూజించనవసరం లేదు. పంచాయతీ ఆశీలు వేలం వేస్తుంది. పాడుకున్నవాడు గంపకింత, బండికింత వసూలు చేస్తాడు. ఆ వసూలులో గొడవలుంటాయి. ఎవరు ఏ వరుసలో కూర్చోవాలన్నదానిలో కులం పాత్ర కూడా ఉంది. మంచి చోట్లు మంచి కులాలకు దక్కడం, ఎండుచేపలు, మాంసం అంచుకు నెట్టబడడం సంతల రూపం తెలిసినవారికి కొత్త కాదు. వంతు కాలాన్ని సమంగా పంచగలదు. చోటులోని హెచ్చుతగ్గులను దానంతట అది సరిచేయలేదు.

తోపుడుబళ్ళ యుద్ధం

చోటు తగాదాను బలాబలాలతో సహా పిల్లలకు చెప్పిన పుస్తకం అమెరికాలో 1964లో వచ్చింది. జీన్ మెరిల్ రాసిన, రానీ సాల్బర్ట్ బొమ్మలు వేసిన "ది పుష్‌కార్ట్ వార్". న్యూయార్కు వీధులలో లారీలు పెరిగిపోయి కదలలేని స్థితి వస్తుంది. లారీ యజమానులు తమ సంఖ్యను తప్పుపట్టకుండా, ఇరుకుకు కారణం తోపుడుబళ్ళేనని ప్రచారం చేస్తారు. ఒక లారీ పూలబండిని గుద్దడంతో యుద్ధం మొదలవుతుంది. బండ్లవారు బఠానీ గింజలకు సూదులు గుచ్చి గొట్టాలతో ఊది లారీ టైర్ల గాలి తీస్తారు. ఈ నవల చరిత్ర గ్రంథంలా నటిస్తుంది. ఒక కల్పిత ఆచార్యుని ముందుమాట, పాదసూచికలు కూడా ఉన్నాయి. చరిత్ర పరిశోధకులను వెక్కిరిస్తూనే వారికి పనికివచ్చే పుస్తకం ఇది. చివరకు శాంతి ఒప్పందం కుదురుతుంది. పెద్ద వాహనం చిన్న వాహనాన్ని లొంగదీసుకోవడం నేరమని చట్టం వస్తుంది.

దీనికి వాస్తవ నేపథ్యం ఉంది. 1930లలో మేయర్ లాగార్డియా న్యూయార్కు తోపుడుబళ్ళను రోడ్ల మీద నుంచి తొలగించి కప్పు ఉన్న మార్కెట్లలోకి తరలించాడు. ఎసెక్స్ వీధి మార్కెట్టు 1940లో అలా తెరవబడింది. నిజ చరిత్రలో బండ్లు తప్పుకున్నాయి. బాలల నవలలో లారీలు తగ్గాయి. రైలు పాటకు ఇది తలకిందులు.

బండ్లు తమలో తాము కొట్లాడుకుని కలిసిపోయే ఇటీవలి కథలకూ మెరిల్ నవలకూ తేడా ఇక్కడే తెలుస్తుంది. కొత్త కథలలో తగాదా సమానుల మధ్యది. దోష బండ్ల స్వార్థం, బర్గర్ బండి గర్వం. పార్కు ఎవరిది, బండ్లకు అంత తక్కువ నేల ఎందుకు మిగిలింది అన్న ప్రశ్నలు బొమ్మ చట్రం బయట ఉండిపోతాయి. కపింజలం కథలో పిల్లిని తీసేసి, పక్షీ కుందేలూ స్నేహితులైనట్లు ముగించడం వంటిది ఇది.

చట్టంలో వంతు

భారతదేశంలో ఈ ప్రశ్నలను న్యాయస్థానాలు ముందుకు తెచ్చాయి. 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, వీధిలో సరుకు అమ్ముకోవడం వృత్తి స్వేచ్ఛ కిందికి వస్తుందని, సహేతుకమైన ఆంక్షలకు లోబడి అది ప్రాథమిక హక్కేనని చెప్పింది. అదే తీర్పు, ఫలానా చోటే తనదని ఎవరూ శాశ్వతంగా కోరలేరని కూడా చెప్పింది. అమ్ముకునే హక్కు ఉంది, స్థలం మీద హక్కు లేదు. తొర్ర కథలకు అందని సూక్ష్మం ఇది.

2014 మే 1 నుంచి అమలులోకి వచ్చిన వీధి విక్రేతల చట్టం ఈ సూక్ష్మానికి యంత్రాంగాన్ని ఏర్పరచింది. పట్టణ విక్రయ కమిటీలో కనీసం 40 శాతం మంది విక్రేతలే ఎన్నిక ద్వారా రావాలి. వారిలో మూడో వంతు స్త్రీలు ఉండాలి. సర్వేలో గుర్తించిన విక్రేతలకు, జనాభాలో 2.5 శాతం పరిమితికి లోబడి చోటు కల్పించాలి. సర్వే పూర్తయి ధ్రువపత్రాలు ఇచ్చేవరకు ఎవరినీ తొలగించరాదు. కొనేవారూ అమ్మేవారూ సంప్రదాయంగా గుమిగూడే చోటును సహజ మార్కెట్టుగా గుర్తించే వీలుంది. కుందేలు వాదించిన అనుభవ హక్కుకు ఇన్ని శతాబ్దాల తరువాత చట్టభాష దొరికినట్లయింది. రెండో షెడ్యూలులో, రాష్ట్రాలు తయారుచేసే పథకంలో ఉండవలసిన అంశాలలో, ఒకే చోట వేర్వేరు వేళలలో అమ్ముకునే పద్ధతి ప్రస్తావన ఉంది. సంతవారు ఎరిగిన వంతే అది.

చట్టం తరలింపుకు కూడా అవకాశమిస్తుంది. ప్రత్యామ్నాయ స్థలం చూపి పంపవచ్చు. ఇక్కడ ఈ ప్రాంతపు పాతకథ ఒకటి గుర్తుకు రాకమానదు. తెలుగువారిలో ఎక్కువమందికి రాజాం పేరు తెలిసినది బొబ్బిలి కథ ద్వారా. 1757 జనవరి 24న కోట పడినప్పుడు తాండ్ర పాపారాయుడు రాజాంలో ఉన్నాడు. ఆ యుద్ధానికి ముందు, పిత్రార్జితమైన బొబ్బిలిని విడిచి వేరొక చోట అంతకన్న ఎక్కువ భూమి తీసుకొమ్మని బుస్సీ ప్రతిపాదించాడని, రంగారావు దానిని అవమానంగా భావించాడని రాబర్ట్ ఓర్మ్ రాశాడు. జమీందారుకూ బజ్జీల బండికీ పోలిక ఏమిటనిపించవచ్చు. కొలతలో ఎక్కువ, విలువలో తక్కువ అయిన చోటు అనే భావన మాత్రం ఇద్దరికీ ఒకటే. బస్టాండు ఎదుట నాలుగడుగులు, ఊరి చివర నలభై అడుగులు ఒకటి కావు. బండికి చోటంటే నేల కాదు, ఆ నేల మీదుగా పోయే కాళ్ళు.

పుట తిప్పడం

వంతును కథగా చెప్పడం కష్టం. అందులో గెలుపోటములు లేవు, పశ్చాత్తాపం లేదు. బొమ్మల పుస్తకానికి మాత్రం అది సహజంగా అమరే వస్తువు. విడిపోని రెండు పుటల మీద ఒక చోటును గీసి, పుట తిప్పినప్పుడు అదే చోటును మరో వేళలో చూపడం ఆ ప్రక్రియకు చేతనైన పని. వర్జీనియా లీ బర్టన్ 1942లో "ది లిటిల్ హౌస్"లో ఈ పని చేసింది. ఇల్లు ప్రతి పుటలో ఒకే చోట ఉంటుంది. చుట్టూ ఋతువులు, రోడ్లు, భవనాలు మారుతాయి. చదవడం రాని పిల్లవాడికి కూడా కాలం గడిచిందని తెలుస్తుంది.

రాజాం వంటి ఊరి కూడలిని ఇలా గీయవచ్చు. ఒక రావిచెట్టు, ఒక కరెంటు స్తంభం, వాటి మధ్య పది అడుగుల నేల. తెల్లవారుజామున ఇడ్లీ ఆవిరి. పదిన్నరకు ఆ చోటు ఊడ్చి ఉంటుంది. ఊడ్చినది ఇడ్లీ ఆమె. మధ్యాహ్నం మజ్జిగ కుండ. సాయంత్రం బజ్జీల మూకుడు, దాని పక్క మిక్చర్ కలిపే డబ్బా. సంత రోజు పుటలో ఈ క్రమమంతా చెదిరి, బయటి ఊళ్ళ బండ్లతో చట్రం అంచుల దాకా నిండిపోతుంది. ఇందులో ఎవరూ ఎవరికీ క్షమాపణ చెప్పరు. ఒకరి తరువాత ఒకరు ఆ చోటును శుభ్రంగా వదిలిపోవడమే కథ. వేళ దాటినా కదలని బండి ఒకటి వచ్చిందంటే తగాదా దానంతట అదే పుడుతుంది. చట్రంలో ఒక మూల పురపాలక సిబ్బంది వాహనం కనిపిస్తే, మెరిల్ పుస్తకంలోని బలాబలాలు కూడా తోడవుతాయి.

తిండి విషయంలో వెనుకాడవలసిన పని లేదు. అన్వేషి పరిశోధన కేంద్రం 2008లో వెలువరించిన బాలల పుస్తకాల శ్రేణి, అంతవరకు పిల్లల పుస్తకాలలోకి రాని వంటిళ్ళను తెచ్చింది. మహమ్మద్ ఖదీర్‌బాబు కథలో మేక తలకాయను తెచ్చి, శుభ్రం చేసి, కూర వండడం మొత్తం ఒక పండుగలా సాగుతుంది. అక్కడ తెరుచుకున్న తలుపు బండ్ల కథకూ అవసరం. రావిచెట్టు కింద ఇడ్లీకి దొరికిన వంతు చికెన్ పకోడీకి, ఎండుచేపకు దొరుకుతుందా లేదా అన్నది ఆ పుస్తకం నిజాయితీకి పరీక్ష.

మరో సంగతి మిగిలి ఉంది. ఈ పుస్తకాలు చదివే పిల్లలను కొనుగోలుదారులుగా ఊహించడం రచయితలకు అలవాటు: చేతిలో రూపాయి, ఎదురుగా రంగుల బండి. 2014 చట్టం 14 ఏళ్ళు నిండినవారిని విక్రేతగా గుర్తించడానికి అనుమతిస్తుంది. అంటే చట్టం దృష్టిలో తొమ్మిదో తరగతి చదివే వయసు పిల్లవాడు బండికి అవతలి వైపు కూడా నిలబడి ఉండవచ్చు. ఇంకోవైపు 2020 నాటి ఆహార భద్రతా నిబంధనలు కొవ్వు, ఉప్పు, పంచదార ఎక్కువగా ఉన్న పదార్థాలను బడి గేటు నుంచి 50 మీటర్ల లోపల అమ్మరాదంటాయి. పిల్లల ఆరోగ్యానికి అది అవసరమే. బడి గంట మోగే వేళనే నమ్ముకుని ఐస్ డబ్బా, పీచుమిఠాయి గంట పట్టుకుని నిలబడేవాడికి ఆ 50 మీటర్లు రోజు కూలి. అతని బిడ్డ అదే బడిలో చదువుతూ ఉండవచ్చు. బొమ్మ వేసేవారు బడి గేటును పుటకు ఎడమ అంచున గీస్తే, ఆ బండిని కుడి అంచున ఎంత దూరంలో నిలపాలన్నది, గేటులోంచి బయటికి వచ్చే పిల్లలలో ఎవరి చూపు అటు తిరగాలన్నది, ముందుగానే తేల్చుకోవలసి వస్తుంది.